మా నెలలు మీకెందుకు

తరావా,
11 జూలై 1994

అమ్మమ్మా, మౌరీ!

పలకరింపు అయింది, ఇక సంగతి. పడవ రేపు పొద్దున మన ఒనోటోవా దీవికి బయల్దేరుతుందట. ఈ ఉత్తరం పడవ వంటవాడు కొరీరి చేతికిస్తున్నాను. పోయినసారి నువ్వు పంపిన కొబ్బరి పాకం కూడా అతనే తెచ్చిచ్చాడు. మా గదిలో పిల్లలు సీసాలో వేళ్ళు పెట్టి మరీ నాకేశారు. నాకు మిగిలింది వాసన మాత్రమే.

ఇదే పడవలో నా మీద ఓ పుకారు కూడా అక్కడికి వస్తుంది. అందుకే ముందు నా నోట విను.

మా హాస్టల్ పద్ధతి నీకు తెలుసుగా. ఆటు వచ్చి నీళ్ళు తీసినప్పుడల్లా ఆడపిల్లలందరం బురదలోకి దిగి గుల్లలు ఏరాలి. ఆ సాయంత్రం కూరకి అవే దిక్కు. నెలసరిలో ఉన్నవాళ్ళు మాత్రం గట్టు మీద కూర్చోవచ్చు. నేను మార్చి తరవాత ఒక్కసారి కూడా గట్టెక్కలేదు. ప్రతి ఆటుకీ దిగాను, అందరికంటే బరువైన బుట్ట నాదే. వార్డెన్ నేయ్ మెరెతే ఒకరోజు మెచ్చుకుంటుందనే అనుకున్నాను. ఆవిడ నన్ను పక్కకి పిలిచింది.

"ఏమే మకురీతా, నాలుగు నెలలుగా గట్టెక్కలేదేం? ఏమైంది?"

"రాలేదండీ" అన్నాను. అబద్ధం చెప్పడం చేతకాలేదు.

ఆ సాయంత్రానికే హెడ్మిస్ట్రెస్ గారికి కబురు వెళ్ళింది. మా క్లాసులో రియేతాని పోయిన టర్మ్‌లోనే కడుపుతో ఉందని పంపించేశారు. ఇప్పుడు అందరి చూపూ నా నడుము మీదే. కూర్చున్నా చూస్తున్నారు, లేచినా చూస్తున్నారు. నవంబరులో పరీక్ష. అది రాస్తేనే నర్సింగ్ స్కూల్లో సీటు. ఎందుకిలా అయిందో నాకే తెలియడం లేదు, ఇంతకంటే ఎలా రాయాలో కూడా తెలియడం లేదు. నువ్వు మాత్రం బెంగ పెట్టుకోకు. నన్ను ఇక్కడినుంచి పంపించాలని చూస్తున్నారు. నేను మాత్రం కదలను.

నీ మనవరాలు,
మకురీతా


ఒనోటోవా,
3 ఆగస్టు 1994

ఏమే పిల్లా,

మౌరీ. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పొయ్యి మీద చేప మాడిపోయింది.

కడుపు మాటేగా నువ్వు చెప్పాలనుకున్నది? నోరు తెరిచి రాయడానికి సిగ్గేసి, గుల్లలనీ గట్టనీ ఊరంతా తిప్పావు. నేనేమైనా నిన్ను కొడతానా? ఏడ్చానంటే ఏడ్చాను, ఒక పూట. తరవాత ముఖం కడుక్కుని బబాయి దుంపల గుంటలోకి దిగి, పుట్టబోయేవాళ్ళ పేరు మీద ఓ దుంప నాటి వచ్చాను. మన వంశంలో వచ్చే మనిషికి తిండి ఉంటుంది. అది నా పూచీ.

ఇక ఆ స్కూలు మాట. కడుపు పెరిగితే తలకాయ చిన్నదవుతుందా? నువ్వు ఇన్నేళ్ళూ చదివింది తలతోనా, కడుపుతోనా? మీ హెడ్మిస్ట్రెస్‌ని నేనడిగానని అడుగు. కదలనన్నావు, బాగా అన్నావు. కదిలావో, నేనొచ్చి మళ్ళీ అక్కడే కూర్చోబెడతాను.

తండ్రెవరో నువ్వు రాయలేదు. రాయక్కర్లేదు. నీ ప్రతి ఉత్తరంలోనూ ఒకడే ఉన్నాడు. కొరీరి పాకం తెచ్చాడు, కొరీరి చాప తెచ్చాడు, కొరీరి ఉత్తరం పట్టుకెళ్తున్నాడు. నేను ముసలిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాను. కొత్త చాప ఒకటీ పెద్ద దుంప ఒకటీ పట్టుకుని వాళ్ళ నాన్న తౌరాకి ఇంటికి వెళ్ళాను.

"మీ వాడు మా పిల్లకి కడుపు చేశాడు. ఏమంటారు?" అని అడిగాను.

గొడవ పడతారని కొంగు బిగించి వెళ్ళాను. తౌరాకి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ముప్పై దాటాయి, ఒక్క ఆడపిల్లా మావాడి వంక చూడలేదు. మీ మకురీతా అంత చదువుకున్నది చూసిందా!" అంటూ పెరట్లోకి తీసుకెళ్ళి పందిని చూపించాడు. పెళ్ళికి అదేనట. మంచి పందే, వీపు వెడల్పుగా ఉంది.

మనేయబాలో, అదే మన ఊరి సభా పందిట్లో, ఆదివారం కూర్చున్నప్పుడు ఓ పెద్దాయన "ఇంక చదువెందుకు, తీసుకొచ్చెయ్" అన్నాడు. "నీకు ఏడుగురు పిల్లలు, నువ్వు చేపలు పట్టడం మానేశావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

నౌరు గనుల్లో పని చేస్తున్న మీ అమ్మానాన్నలకి నేనింకా రాయలేదు. తిను. బరువులు మొయ్యకు. బురదలో జారతావు, జాగ్రత్త.

నీ అమ్మమ్మ,
తెరెంగావా


తరావా,
19 ఆగస్టు 1994

అమ్మమ్మా!

కడుపు లేదు. కడుపు లేదు. ఇంకోసారి రాస్తున్నాను, కడుపు లేదు!

ఎంత పని చేశావు! పడవలో వాళ్ళంతా కొరీరిని "తండ్రి గారూ, కూరలో ఉప్పెక్కువైంది" అని పిలుస్తున్నారట. పాపం అతను నిజంగానే స్కూలు గేటు దగ్గరకి వచ్చాడు. చేతిలో ఎండు చేపల కట్ట, ముఖం నిండా చెమట. "మకురీతా, నేనేం చేశానమ్మా? నాకు గుర్తులేదు" అన్నాడు. గుర్తుండడానికి ఏమైనా జరిగితే కదా! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అదే సమయానికి నేయ్ మెరెతే కిటికీలోంచి చూసింది. ఇంకేముంది, వాళ్ళకి తండ్రి కూడా దొరికిపోయాడు.

నువ్వు వెళ్ళి ఆ పంది మాట రద్దు చేసుకుని రా. తౌరాకి తాతకి నా తరఫున క్షమాపణ చెప్పు. అందరూ నన్ను అనుమానించారు సరే, నువ్వు నన్ను ఒక్క మాట అడక్కుండా చాప చంకన పెట్టుకుని వెళ్ళిపోయావు. అదే నాకు కష్టంగా ఉంది.

లేదంటే లేదని నమ్ము. కోపంలో రాస్తున్నాను. తిన్నావా అని అడగడం కూడా మర్చిపోయాను. తిన్నావా?

మకురీతా


ఒనోటోవా,
5 సెప్టెంబరు 1994

తల్లీ,

నీ ఉత్తరం అందింది. లేదు, లేదు, లేదు అని మూడుసార్లు రాశావు. ఉన్నదేగా లేకుండా పోయేది. ఎప్పుడు పోయిందమ్మా? ఒక్కదానివే ఉన్నావా? నీ పక్కన ఎవరైనా ఉన్నారా? ఆ వార్డెన్ ఏమైనా తాగించిందా? తాగిస్తే చెప్పు, నేనొచ్చి దాని చేత అదే తాగిస్తాను.

నాటిన దుంప పీకలేదు. ఎవరి పేరు మీదో ఉంటుందిలే.

మీ రూకా అత్త వచ్చి కూర్చుని, తన గోల తను చేసింది. నువ్వు పెద్దమనిషివైనప్పుడు కొత్త చాప మీద కూర్చున్నావు చూడు, ఆ మూడు రోజుల్లో దొంగతనంగా ఉప్పు చేప తిన్నావట. అందుకే ఇప్పుడు నీ ఒంట్లో ఏదీ నిలవడం లేదట. నాకు ఒళ్ళు మండింది. "ఆ మూడు రోజులూ దాని పక్కన కూర్చుని తాడు పేనడం నేర్పింది నేను. అది తిన్నది ముదురు కొబ్బరి, తాగింది నీళ్ళు. చేప తిన్నది నువ్వు, పళ్ళెం కూడా నువ్వే నాకావు" అన్నాను. చాప దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో ఎలా కూర్చుంటే జీవితమంతా అలా ఉంటుందని మా అమ్మలు చెప్పారు, నేనూ నమ్మాను. నువ్వు నడుం వంచకుండా కూర్చున్నావు, పేనిన తాడు ఇంటి చుట్టూ తిరిగేంత. నిన్ను తప్పు పట్టేవాళ్ళు ముందు నాతో మాట్లాడాలి.

తౌరాకి వాళ్ళకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పను? వాళ్ళావిడ పందికి స్నానం చేయిస్తోంది.

కొన్నాళ్ళు వచ్చి నా దగ్గర పడుకో. ఒళ్ళు కుదుటపడ్డాక వెళ్ళి పరీక్ష రాద్దువు. రానిస్తారా అని అడక్కు. నేను కూడా వస్తాను. ఎలా రానివ్వరో చూస్తాను.

అమ్మమ్మ


తరావా,
21 సెప్టెంబరు 1994

అమ్మమ్మా,

మౌరీ. ఈసారి కోపం లేకుండా రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి కడుపు పట్టుకుని నవ్వి, అదే ఊపులో ఏడ్చేశాను. రానూ లేదు, పోనూ లేదు. ఏ బిడ్డా లేదు. ఎప్పుడూ లేదు. నేనే మొదట్లో సరిగ్గా రాయలేదు. "నాకే పాపం తెలియదు" అని రాయడం నా పరువు తక్కువనిపించింది. దాంతో ఇంత రాద్ధాంతం అయింది.

పోయిన వారం పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఫిజీ నుంచి వచ్చిన లితియా డాక్టరమ్మ చూసింది. పరీక్ష చేసి, గర్భం లేదంది. ఆవిడ చెప్పింది నీకు నేను చెప్పగలనో లేదో, ప్రయత్నిస్తాను.

మెదడు అడుగున చిన్న గ్రంథి ఒకటి ఉందట. నెల మొదట్లో అది అండాశయానికి కబురు పంపుతుంది. కబురు అందగానే అక్కడ ఒక అండం ఎదగడం మొదలుపెడుతుంది. అది ఎదుగుతున్నంతసేపూ ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఊరుతుంది. దానివల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. అండం పండి బయటికి వచ్చాక ప్రొజెస్టెరాన్ అని ఇంకో హార్మోన్ వస్తుంది. అది ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, అది పడిపోగానే పొర ఊడి రక్తంగా పోతుంది. అదే నెలసరి. చెడు రక్తం కాదు, శాపం కాదు.

నాకు అండం ఎదగడం మొదలవుతోంది గానీ మధ్యలో ఆగిపోతోందట. బయటికి రావడం లేదు. అందువల్ల రెండో హార్మోన్ రావడం లేదు, పొర ఊడాల్సిన కబురూ అందడం లేదు. దీన్ని పీసీఓడీ అంటారు. ఆడవాళ్ళందరి ఒంట్లోనూ కొంచెం మగ హార్మోన్ ఉంటుందట. నాలో అది కాస్త ఎక్కువైంది. డాక్టరమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, "వీటిని పీకుతున్నావా?" అనడిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. "సిగ్గెందుకు? ఇక్కడికి వచ్చే వాళ్ళలో నీలాంటి వాళ్ళు బోలెడుమంది. నెలసరి రాకపోవడానికి గర్భం ఒక కారణం, అదొక్కటే కాదు. తిండి చాలకపోయినా ఆగుతుంది, థైరాయిడ్ చెడినా ఆగుతుంది, దిగులుకీ ఆగుతుంది" అంది. పిల్లలు పుట్టరేమోనని నువ్వు అడుగుతావు. పుట్టవచ్చు, ఆలస్యం కావచ్చు, మందులున్నాయట. పొర మాత్రం ఏళ్ళ తరబడి ఊడకుండా ఉండకూడదట. అందుకని కొన్నాళ్ళు వేసుకోమని మాత్రలిచ్చింది. అవి ఆపాక రక్తం వస్తుందంది.

ఇదంతా మా గదిలో చెప్పగానే పిల్లలు నా చుట్టూ మూగారు. ఒకమ్మాయికి మొదటి రోజున నొప్పితో వాంతులవుతాయి, వార్డెన్ దాన్ని బద్ధకం అంటుంది. ఇంకో అమ్మాయికి ఎంత రక్తం పోతుందంటే పెదాలు తెల్లబడి మెట్లెక్కలేదు. ఇద్దరినీ ఆసుపత్రికి పంపాను. నిలబడలేనంత నొప్పిని ఓర్చుకోవాలని ఎవరు చెప్పారని డాక్టరమ్మ కోప్పడిందట. రెండో అమ్మాయికి ఐరన్ మాత్రలిచ్చింది.

ఇప్పుడు అసలు మాట. డాక్టరమ్మ "రేపు నేనే వచ్చి మీ హెడ్మిస్ట్రెస్‌తో చెప్తాను, నిమిషంలో తేలిపోతుంది" అంది. నేను సరేనన్నాను. తిరిగి వస్తుంటే దారిలో రియేతా కనిపించింది. వాళ్ళ పిన్ని ఇంటి ముందు కొబ్బరికాయలు వలుస్తోంది. పొట్ట బాగా పెరిగింది. పక్కన మా లెక్కల పుస్తకం తెరిచి రాయి పెట్టుకుంది. సంగతి చెప్పాను.

"అయితే నువ్వు లోపలికి పో. నీకు లేదుగా. ఉన్నదాన్ని నేను, బయటుంటాను" అంది. దెప్పి అనలేదు. మామూలుగానే అంది.

నాకు అడుగు పడలేదు. నాకు లేదని చెప్పి లోపలికి వెళ్తే, ఉన్నదాన్ని గెంటడం న్యాయమేనని నా నోటితో ఒప్పుకున్నట్టే. డాక్టరమ్మకి వద్దని కబురు పంపాను. ఉందనీ చెప్పను, లేదనీ చెప్పను. నా ఒంట్లో నెల వచ్చిందో రాలేదో గట్టు మీద చూసి తేల్చే హక్కు వాళ్ళకెవరిచ్చారు? నన్ను పరీక్షకి కూర్చోనివ్వాలి. రియేతానీ కూర్చోనివ్వాలి.

నువ్వు నాతో ఉంటావుగా?

నీ మకురీతా


ఒనోటోవా,
6 అక్టోబరు 1994

నీకేమైనా పిచ్చా?

లేదని రుజువు చేతిలో పెట్టుకుని, చెప్పనని కూర్చుంటావా? రియేతా మంచి పిల్లే అయ్యుండొచ్చు. దాని కోసం నీ సీటు నీళ్ళలో పారేస్తావా? నీ చదువు కోసం మీ అమ్మానాన్నా నౌరు దుమ్ములో ఊపిరి పోగొట్టుకుంటున్నారు. ఈ ఉత్తరం అందిన పూటే ఆ డాక్టరమ్మని వెంటబెట్టుకుని వెళ్ళి చెప్పు. ఇది నా ఆజ్ఞ.

తౌరాకికి నిజం చెప్పేశాను. పంది మిగిలింది గానీ ఆయన ముఖం చూడలేకపోయాను. "పిల్లా లేదు, పెళ్ళీ లేదు, మావాడికి ఆ అదృష్టం ఎక్కడిది" అన్నాడు. నేనిచ్చిన చాప మాత్రం తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు.

పడవ ఇంజను చెడిపోయింది, ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. చించేద్దామనుకున్నాను. చించకుండా కింద రాస్తున్నాను.

నీ గడ్డం వెంట్రుకల మాట నన్ను పట్టుకుంది. మా చెల్లెలు తకేవా నీకు గుర్తుండదు, నువ్వు పాకే రోజుల్లోనే పోయింది. దానికి గడ్డం మీద నీకంటే ఎక్కువ ఉండేవి. నెలసరి ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చేది. పిల్లలు పుట్టలేదు. దాని మొగుడు చాప చుట్టినట్టు చుట్టి తెచ్చి మన వాకిట్లో దింపాడు. "ఇది ఆడదే కాదు" అన్నాడు, అందరి ముందూ. మా నాన్న వాడి పడవకి కన్నం పెట్టాడులే. అయినా అది ఆ మాట మర్చిపోలేదు. చచ్చేదాకా గడ్డం కొంగుతో కప్పుకునే తిరిగింది.

పరచిన చాప మీదకి చుట్టం రాలేదు, చుట్టెయ్యమని చెప్పేవాళ్ళూ లేరు. నీ ఒంట్లో జరిగింది ఇంతేగా? నాకు అర్థమైంది. ఇంత చిన్న సంగతి దానికి ఒక్కరు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ దానికోసం ఏడ్చాను.

ఆ రోజుల్లో కడుపు రాలేదని గెంటారు. ఇప్పుడు కడుపొచ్చిందని గెంటుతున్నారు. ఎలా ఉన్నా గెంటడమేనా వీళ్ళకి తెలిసింది? పైన రాసిన ఆజ్ఞ కొట్టేశాను, చూడు. చెప్పకు. చెప్పావో, నా గడప తొక్కకు.

తెరెంగావా


తరావా,
22 అక్టోబరు 1994

అమ్మమ్మా, మౌరీ!

నువ్వు ఆజ్ఞ మీద గీసిన గీత కాగితం చిరిగేంత గట్టిగా ఉంది. దాన్ని మా గదిలో అందరికీ చూపించాను.

ఇది నీకు మాత్రమే చెప్తున్నాను. వచ్చింది. మాత్రలు అయిపోయాక కొన్నాళ్ళకి, బుధవారం పొద్దున. ఇన్నాళ్ళు దాచుకున్నదంతా ఒక్కసారే దిగినట్టు వచ్చింది. నడుం విరిగిపోయింది. ఒళ్ళు మాట విన్నందుకు సంతోషంగా కూడా ఉంది.

ఆ రోజే ఆటు. నేను గట్టు మీద కూర్చుంటే చాలు. నేయ్ మెరెతే చూస్తుంది, హెడ్మిస్ట్రెస్ గారికి చెప్తుంది, నా గొడవ అక్కడికి ముగుస్తుంది. గట్టు కళ్ళ ముందే ఉంది. చల్లగా, నీడగా ఉంది. గుడ్డ బిగించి కట్టుకుని బుట్ట తీసుకున్నాను.

మా గదిలో నొప్పి పడే అమ్మాయి ఉందని రాశానే, ఆమె నా ముఖం చూసి కనిపెట్టేసింది. తన బుట్ట గట్టు మీద బోర్లించి దాని మీద కూర్చుంది. ఆమెకి ఆ రోజు నెలసరి కాదు. పక్కనున్న అమ్మాయి కూడా కూర్చుంది. తరవాత ఇంకొకతె. చూస్తుండగానే హాస్టలంతా గట్టు మీద వరసగా కూర్చుంది. నన్ను కూడా చెయ్యి పట్టి లాగి మధ్యలో కూర్చోబెట్టారు.

"ఏమిటే ఇది? అందరికీ ఒకేసారి వచ్చిందా?" అని అరిచింది నేయ్ మెరెతే.

"చెప్పమండీ" అన్నారు అందరూ.

ఆ సాయంత్రం కూర లేదు. ఉత్త అన్నం తిన్నాం. చిన్న క్లాసు పిల్లలు కూడా నోరెత్తలేదు.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిచారు. ఆవిడ చెడ్డది కాదు అమ్మమ్మా, విసిగిపోయింది. "ఒక్క మాట చెప్పు, నీకే మంచిది. అవునా, కాదా?" అన్నారు. చెప్పనన్నాను. "రియేతా కూడా రాయాలి" అన్నాను. "చెప్పకపోతే హాల్లోకి రానివ్వను. నీతోపాటు ఆ అమ్మాయినీ రానివ్వను. నీ మొండితనం వల్ల ఇద్దరికీ నష్టం" అన్నారు. వచ్చే నెల పద్నాలుగో తారీఖున పరీక్ష. గది బయటికి వచ్చాక కాళ్ళు వణికాయి. భయం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఉంది. అయినా చెప్పను.

మకురీతా


ఒనోటోవా,
3 నవంబరు 1994

మకురీతా,

కాళ్ళు వణికితే వణకనీ. నాలుక వణక్కుండా చూసుకో.

నీ ఉత్తరం మనేయబాలో ఆడవాళ్ళకి చదివి వినిపించాను. బుధవారం సంగతి మాత్రం చదవలేదు, అది నీకూ నాకూ మధ్య. అందరూ గట్టు మీద కూర్చున్న చోటికి వచ్చేసరికి రూకా అత్త లేచి నిలబడి తొడ చరిచింది. ఉప్పు చేప మాట మర్చిపోయింది, నేనూ గుర్తు చెయ్యలేదు.

మీ హాస్టల్ పైకప్పుకీ స్కూలు పైకప్పుకీ ఈ ఏడు మన మొగలాకు కప్పు కుట్టి పంపాల్సిన వంతు మన దీవిదని నీకు తెలియదేమో. వేసవంతా కుట్టాం. వేళ్ళన్నీ ముళ్ళే. కట్టలు రేవులో పేర్చి ఉన్నాయి, పడవ కూడా వచ్చింది. మోసేవాళ్ళు రాగానే మేమంతా వెళ్ళి వాటి మీద కూర్చున్నాం. పెద్దలు వచ్చారు. "దేవుడి పని, స్కూలు పని, లేవండి" అన్నారు.

"కప్పు మేము కుట్టాం. దాని కింద పడుకునే పిల్లని కడుపు చూసి బయట పెట్టేటట్టయితే ఆ కప్పు మా ఇళ్ళకే పనికొస్తుంది" అన్నాను.

మనేయబాలో అప్పుడు నవ్వకుండా ఉన్నాడే ఆ పెద్దాయన, ఈసారీ నవ్వలేదు. అయితే వెళ్ళి మా కోసం లేత కొబ్బరికాయలు దింపించాడు. ఆయన మనవరాలు కూడా మీ హాస్టల్లోనే ఉందట.

పడవ ఖాళీగా బయల్దేరుతోంది. దాంట్లో వచ్చేది ఈ ఉత్తరమూ, మీ హెడ్మిస్ట్రెస్‌కి మేమందరం వేలిముద్రలూ సంతకాలూ పెట్టి రాసిన ఇంకో ఉత్తరమూ. పక్క దీవి ఆడవాళ్ళకి కూడా కబురు పంపాం. వానలు దగ్గర పడ్డాయి. తడిస్తే కొన్నాళ్ళు తడవండి, ఏం కాదు.

పరీక్ష బాగా రాయి. రాయనిస్తారా అని నేను అడగడం లేదు, చూశావా?

అమ్మమ్మ


తరావా,
17 నవంబరు 1994

అమ్మమ్మా,

రాశాను. రియేతా కూడా రాసింది.

పడవ ఖాళీగా వచ్చిన రోజు హెడ్మిస్ట్రెస్ గారు రేవులో చాలాసేపు నిలబడ్డారట. కొరీరి చెప్పాడు. ఆ సాయంత్రమే పెద్ద వాన పడింది, ఆవిడ ఆఫీసులో మూడు చోట్ల బకెట్లు పెట్టారు. నన్ను పిలిచి మీ ఉత్తరం బల్ల మీద పెట్టారు. "మీ అమ్మమ్మ వయసెంత?" అని అడిగారు. చెప్పాను. "నా వయసులో ఆవిడ ఎలా ఉండేదో" అన్నారు, నవ్వినట్టే ఉంది. తరవాత కిటికీ వైపు తిరిగి, "ఇద్దరూ రండి. ఇక ఎవరినీ ఏమీ అడగం" అన్నారు. నమ్మకం కుదరక అక్కడే నిలబడ్డాను. "వెళ్ళి చదువుకోవే" అని అరిచారు. అప్పుడు నమ్మాను.

పరీక్ష రోజు రియేతా బెంచీకీ బల్లకీ మధ్య పట్టలేదు. పిల్లలే బల్లని వెనక్కి జరిపారు. లెక్కల పేపర్ సగంలో ఉండగా లోపల బిడ్డ తన్నిందట, "ఆగవే, ఇదొక్కటీ పూర్తి చెయ్యనీ" అని గట్టిగానే అనేసింది. హాలంతా నవ్వు. కాపలా మేడం కూడా నవ్వింది.

నేను బాగానే రాశాననుకుంటాను. ఒక ప్రశ్న తప్పు చేశాను, తెలుసు.

బయటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర నేయ్ మెరెతే నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. ఇన్ని నెలల్లో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"అంతా అయిపోయిందిగా. ఇంక ఎవరికీ చెప్పను. నాకు నిద్ర పట్టడం లేదే. అవునో కాదో నాకొక్కదానికే చెప్పవే."

చెయ్యి మెల్లగా విడిపించుకున్నాను.

"పరీక్షలో ఆ ప్రశ్న రాలేదండీ" అన్నాను.

నీ మనవరాలు,
మకురీతా